కునుకమ్మ కూతురు

నాకు ముక్కు మీదే కోపం. మా వీధిలో ఎవరినడిగినా ఈ మాట చెప్తారు కాబట్టి నేనే ముందు చెప్పేస్తున్నాను. అయినా మ్యూజియం మేడమ్ ఆ కాగితం తెచ్చి నా చేతిలో పెట్టిన రోజున నాకు వచ్చింది రోజూ వచ్చే కోపం కాదు.

నా పని రాళ్ళ మీద అక్షరాలు చెక్కడం. ఇళ్ళ గోడలకు పేర్లు, సమాధుల మీద పేర్లు, కొత్త భవనాల గుమ్మం పక్కన పెట్టే శిలాఫలకాలు. ఫలానా వారి అమృతహస్తాలతో ప్రారంభం అని లెక్కలేనన్ని చెక్కాను. ఆ హస్తాల్లో ఒక్కటైనా జన్మలో ఒక రాయి ఎత్తి ఉండదు. కాగితం మీద తప్పు పోతే కొట్టేసి రాసుకోవచ్చు. రాయి మీద ఒక్క కొమ్ము ఎక్కువ పడినా పలక మొత్తం పోయినట్టే. అందుకని ఏ పని ఒప్పుకున్నా, చెక్కాల్సిన ప్రతి మాటా ముందు పైకి చదువుతాను.

మా కాలనీ వెనకాల మూతపడిన క్వారీ ఉంది. ఒకప్పుడు అక్కడ కంప్రెసర్లు పెట్టిన రేకుల షెడ్డుని బాగుచేసి మ్యూజియం చేస్తున్నారు. క్వారీ యజమానుల కుటుంబం పెట్టిన ట్రస్టు వాళ్ళ ఆలోచన అది. రాతి వారసత్వమట. లోపల రాసే వివరాలన్నీ నల్లరాతి పలకల మీదే ఉండాలని, అవన్నీ నేనే చెక్కాలని మేడమ్ వచ్చి అడిగినప్పుడు సంతోషంగానే ఒప్పుకున్నాను. చిన్నమ్మాయి, మెత్తగా మాట్లాడుతుంది, చదువుకున్నదాన్నని పోజు కొట్టదు. సమ్మెట గురించి, ఉలి గురించి, గునపం గురించి పలకలు చకచకా అయిపోయాయి. చివరి కాగితం తెచ్చినప్పుడు నేను యథాప్రకారం పైకి చదవడం మొదలుపెట్టాను.

"క్వారీ చరిత్రలో అతి పెద్ద ప్రమాదం. ఎర్రజెండాతో కాపలా ఉన్న కార్మికురాలు విధి నిర్వహణలో నిద్రపోయిన కారణంగా, పేలుడు పూర్తికాక ముందే లోపలికి వెళ్ళిన నలుగురు కార్మికులు..."

అక్కడ ఆగిపోయాను. మేడమ్ అక్షరదోషం ఏదైనా ఉందేమోనని కాగితంలోకి తొంగి చూసింది.

"ఇది నేను చెక్కను," అన్నాను.

"ఏం? ఎక్కువైందా? కావాలంటే కుదిద్దాం."

"ఆ కార్మికురాలు మా అమ్మ. చచ్చిపోయిన నలుగురిలో ఒకాయన మా నాన్న."

ఆ పిల్ల ముఖం పాలిపోయింది. "అయ్యో, నాకు తెలియదండీ. కానీ పేరు రాయలేదు కదా..."

"పేరెందుకు? బస్సెక్కి కునుకమ్మ ఇల్లు అనండి, కండక్టరు మా గుమ్మం ముందు ఆపుతాడు."

నిజమే. మా అమ్మ అసలు పేరు ఈ కాలనీలో సగం మందికి తెలియదు. నేను బడికెళ్ళినన్నాళ్ళూ కునుకమ్మ కూతుర్ని. క్లాసులో నాకు ఆవులింత వస్తే చాలు, వెనక బెంచీలు గొల్లుమనేవి. ఆ నవ్వులకు నేను సమాధానం చేత్తో చెప్పేదాన్ని. ముక్కు మీద కోపం ఊరికే రాలేదు.

అసలు జరిగింది ఇదీ అని మాకు చెప్పిన కథ ఇలా ఉండేది. క్వారీలో మందు పేల్చేటప్పుడు దారి మొదట్లో ఎర్రజెండా పట్టుకుని ఒక మనిషి నిలబడాలి. జెండా పైకి ఉన్నంతసేపు ఎవరూ లోపలికి పోకూడదు. మందు మేస్త్రి చప్పుళ్ళు లెక్కపెట్టి, అన్నీ పేలాక ఈల వేస్తాడు, అప్పుడు జెండా దించాలి. ఆ పని అమ్మది. ఆ రోజు అమ్మ కునుకు తీసిందట, చేతిలో జెండా వాలిందట, అది చూసి మనుషులు లోపలికి వెళ్ళారట, మిగిలిన మందు పేలిందట. నాకప్పుడు మూడేళ్ళు. ముందు రాత్రంతా నాకు జ్వరం, అమ్మ నన్ను ఎత్తుకుని తిరుగుతూనే ఉంది. అందుకే నిద్ర ముంచుకొచ్చి ఉంటుందని జాలిపడేవాళ్ళు కూడా ఉన్నారు. ఆ జాలి వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

అమ్మ మొదట్లో అందరితో పోట్లాడిందట. నేను కన్ను మూయలేదు, ఈల విన్నాకే జెండా దించాను అని. ఎవరూ నమ్మలేదు. ఎందుకంటే అమ్మ నిద్రపోయిందన్న మాట వచ్చింది మా నాన్న నోటి నుంచి. ఆసుపత్రిలో ఆయన ప్రాణం పోయే ముందు, విచారణకు వచ్చిన ఆఫీసరు, మా పెదనాన్న, గది గుమ్మంలో నన్ను చంకనేసుకుని అమ్మ, అందరూ వింటుండగా ఒక్క మాటే రెండుసార్లు అన్నాడు. "నిద్రపోయింది... నిద్రపోయింది." ఆఫీసరు అమ్మ వైపు చూసి రాసుకున్నాడు. పోట్లాడి పోట్లాడి చివరికి అమ్మే అనడం మొదలుపెట్టింది, "నిద్రపోయానేమోలే, చావబోయే మనిషి అబద్ధమాడతాడా" అని. అప్పటి నుంచి పగలు ఒక్క నిమిషం నడుం వాల్చలేదు. బస్సులో సీట్లన్నీ ఖాళీగా ఉన్నా నిలబడే వస్తుంది. కూర్చుంటే కన్ను మూతపడుతుందేమోనని, అది ఎవరి కంటైనా పడుతుందేమోనని.

ఇప్పుడు ఆ మాటని రాతి మీద చెక్కి పెడతారట. అదీ నా చేత్తో.

మేడమ్ నీళ్ళు నమిలి, "విచారణ రిపోర్టులో అలాగే ఉందండీ. ఒకసారి మ్యూజియంకి రండి, చూపిస్తాను. మాట ఏమైనా మెత్తబరచగలమేమో చూద్దాం," అంది.

మెత్తబరచడానికి వెళ్ళలేదు నేను. తగువు పెట్టుకోవడానికే వెళ్ళాను. షెడ్డుకి తెల్లరంగు వేశారు. గుమ్మంలో ఒక బొమ్మ మనిషిని నిలబెట్టారు. ఇస్త్రీ చొక్కా, కాళ్ళకు బూట్లు, నెత్తిన పసుపు టోపీ, ముఖాన చిరునవ్వు. ఈ క్వారీలో అలాంటి టోపీ యజమాని కొడుక్కి తప్ప ఎవరికీ ఉండేది కాదు. మా నాన్న తలకు పాత తువ్వాలు చుట్టుకునేవాడని అమ్మ చెప్పేది. ఆ బొమ్మని చూస్తేనే నాకు సగం తిట్లు నోటి దాకా వచ్చాయి.

మేడమ్ రిపోర్టు తేవడానికి లోపలి గదికి వెళ్ళింది. గోడకు ఒక చెక్కపెట్టె ఉంది, దాని మీద వరసగా మీటలు. మీట నొక్కితే పాత కార్మికుల గొంతులు వినిపిస్తాయి. క్వారీ మాటలు, వాటి అర్థాలు. ఊరికే నిలబడలేక ఒకటి నొక్కాను. ఎవరో ముసలాయన దగ్గుతూ సమ్మెట పిడికి ఏ కర్ర మంచిదో చెప్పాడు. ఇంకొకటి నొక్కాను. ఈసారి గొంతు మా పెదనాన్నది.

ఆయన మా నాన్నకు స్వయానా అన్న, ఆ క్వారీకి మందు మేస్త్రి. ఇప్పుడు బతికున్న పాత మేస్త్రీల్లో అందరికన్నా పెద్ద, అందుకని మ్యూజియం వాళ్ళు నెత్తిన పెట్టుకున్నారు. గొంతులో హుషారు, మధ్యలో నవ్వు కూడా.

"మందు దగ్గర మాట జాగ్రత్త ఉండాలండీ. పేలలేదు అని నోటితో అనకూడదు. అంటే ఆ మాట విని పేలుద్దని భయం. అందుకని పెట్టిన మందు పేలకుండా రాయిలో ఉండిపోతే, నిద్రపోయింది అనేవాళ్ళం. మా మందు జట్టులోవాళ్ళం మాత్రమే అనుకునే మాట ఇది, బయటవాళ్ళకి తెలియదు. అరేయ్ ఒకటి నిద్రపోయిందిరా, ఎవడూ లోపలికి పోవద్దు అని..."

మళ్ళీ నొక్కాను. మళ్ళీ. అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. మా నాన్న మందు జట్టులోవాడే. రాయికి రంధ్రాలు వేసేది ఆయనే. పేలకుండా ఉండిపోయిన మందు మీద ఆయన గునపమే పడి ఉంటుంది. ఆసుపత్రి మంచం మీద ఆయన చెప్పింది భార్య గురించి కాదు, మందు గురించి. రాయి పడింది అంటాం, అమ్మ పడింది అంటాం. మందు నిద్రపోయింది, అమ్మ నిద్రపోయింది. ఆడమనిషికీ ప్రాణం లేని వస్తువుకీ మన భాషలో తేడా లేదు. ఆ రోజు జెండా ఒక మగవాడి చేతిలో ఉండి ఉంటే నాన్న మాట అతనికి అంటుకునేదే కాదు, ఆఫీసరు మళ్ళీ అడిగేవాడు. పక్కన ఆడది ఉంది కాబట్టి అడగక్కర్లేకపోయింది.

ఆ మాటకు అర్థం తెలిసిన మనిషి ఆ మంచం పక్కనే నిలబడి ఉన్నాడు. నోరు మెదపలేదు.

మేడమ్ రిపోర్టుతో వచ్చేసరికి నేను ఆ మీట మీద వేలు పెట్టే ఉన్నాను. విషయం చెప్పాను. ఆమెకు అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు, గోడకు ఆనుకుని నిలబడిపోయింది. "ఈ మాట నేనే రికార్డు చేశాను. ఆ రిపోర్టూ నేనే చదివాను. రెండూ నా బల్ల మీదే ఉన్నాయి," అంది. తర్వాత కాస్త తేరుకుని, "కానీ ట్రస్టు వాళ్ళు ఇది ఊహ అంటారండీ. మీ పెదనాన్నగారు వచ్చి, ఆ రోజు జరిగింది ఇదీ అని తన నోటితో చెప్తే తప్ప పలక మారదు," అంది.

నేను సరాసరి పెదనాన్న ఇంటికి వెళ్ళాను. మధ్యాహ్నం అన్నం తిని వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు. నన్ను చూసి, "రా తల్లీ, కాళ్ళు కడుక్కుని లోపలికెళ్ళు, మీ పెద్దమ్మ అన్నం పెడుతుంది," అన్నాడు. నా చిన్నప్పటి నుంచీ ఆయన నోటి వెంట ఇదే మొదటి మాట. ఆయన మంచివాడు. అదే నాకు ఎక్కువ మంట. నా పెళ్ళి దగ్గరుండి జరిపించింది ఆయనే, నా చేతికి మొదట ఉలి ఇచ్చిందీ ఆయనే. అమ్మ ఆయన ఎదురుగా కూర్చునేది కాదు. "నేను చేసిన పనికి తమ్ముణ్ణి పోగొట్టుకుని కూడా బావగారు నన్ను ఒక్క మాట అనలేదే" అని చెప్పుకుని మురిసిపోయేది.

"నాన్న ఆ రోజు నిద్రపోయింది అన్నది దేని గురించి పెదనాన్నా?" అన్నాను.

ఆయన అటూ ఇటూ చూశాడు. లోపల పెద్దమ్మ గిన్నెలు సర్దుతున్న చప్పుడు.

"ఇప్పుడా మాటలెందుకు?"

"మ్యూజియంలో పెట్టెలోంచి నువ్వే చెప్తున్నావు. మీట నొక్కితే చాలు, దారినపోయే ప్రతివాడికీ చెప్తున్నావు. నాకు చెప్పడానికేం?"

 ఆయన గొంతు తగ్గించి, "రెండు చప్పుళ్ళు కలిసిపోయినై అనుకున్నానే," అన్నాడు. "ఒకదాని మీద ఒకటి పేలితే ఒకటే చప్పుడు వస్తది. అలా కలిసినై అనుకుని ఈల వేశా. కలవలేదు. ఒకటి పడుకునుంది."

"మరి చెప్పలేదేం?"

"మేస్త్రి లెక్క తప్పాడంటే క్వారీ మూసేసేవాళ్ళు. ఎన్ని కుటుంబాలు రోడ్డున పడేవో నీకేం తెలుసు? జట్టులో మిగిలినోళ్ళు కూడా ఊరుకోమన్నారు. ఆఫీసరే అలా రాసుకున్నాడు, మేం చెప్పలా. మీ అమ్మది జెండా పని. అది పోతే ఇంకో పని దొరుకుద్ది, ఆవిడకేం పోయేది?"

"ఆవిడకేం పోయేది?" అని నేను మళ్ళీ అన్నాను. ఆ వరండాలో ఏదైనా పగలగొట్టాలనిపించింది. చేతికందేంత దూరంలో ఆయన మంచినీళ్ళ చెంబు తప్ప ఏమీ లేదు. "ముప్పై ఏళ్ళు దాటింది పెదనాన్నా, అమ్మ బస్సులో కూర్చుని."

"మిమ్మల్ని నేను చూసుకోలేదా తల్లీ? ఏ లోటు చేశా?"

"వచ్చి మేడమ్‌తో ఉన్నది చెప్పు. అది చాలు."

"ఈ వయసులో నలుగుర్లో నా పరువు తీస్తావా? నేను పోయాక చెప్పుకో. ఎన్నాళ్ళుంటాలే నేను."

అప్పుడు నేనన్న మాటలు ఇక్కడ రాయను. పెద్దమ్మ గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది, పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగిచూశారు, ఇంత పొగరు ఎక్కడిదే నీకు అంది పెద్దమ్మ. నేను చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి వచ్చేశాను.

అమ్మ మంచం పక్కన నిలబడి ఆరిన బట్టలు మడతపెడుతోంది. ఆ పని కూడా నిలబడే చేస్తుంది. దారంతా ఎలా చెప్పాలా అనుకుంటూ వచ్చినదాన్ని, ఒక్క గుక్కలో మొత్తం కక్కేశాను. అమ్మ చేతిలో చీర అలాగే ఉండిపోయింది.

"ఆ మాట నాకెవరూ చెప్పలేదే, మీ నాన్న కూడా ఇంట్లో అనలేదు," అంది చివరికి. "జెండా దగ్గరికి మందు జట్టువాళ్ళెవరూ వచ్చేవాళ్ళు కాదు. ఈల వినబడితే దించేదాన్ని, అంతే."

"ఆ రోజు ఈల వినబడింది కదమ్మా?"

"వినబడింది. ఎన్నిసార్లు చెప్పాను అందరికీ! తర్వాత్తర్వాత నాకే అనుమానం వచ్చింది, కలలో విన్నానేమోనని." మంచం అంచున కూర్చుంది. పట్టపగలు అమ్మ కూర్చోగా నేను చూడటం అదే మొదలు. "మీ నాన్న పోతూ పోతూ నా మీద చాడీ చెప్పి పోయాడనుకున్నానే. అంత కాపురం చేసి, చివరికి ఆఫీసరు ముందు నన్ను పట్టించి పోయాడని. ఒక్కనాడు ఆయన్ని తలుచుకుని ఏడవలేదు. కోపం. ఇన్నేళ్ళూ ఒకటే కోపం."

అప్పుడు ఏడ్చింది. మడతపెట్టిన చీర నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను పక్కన కూర్చుని పెదనాన్నని తిడుతూనే ఉన్నాను, వేరే ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "బావగారు ఒప్పుకోనన్నాడా?" అని అడిగింది. అన్నాడన్నాను.  మిగిలిన బట్టలు కూర్చునే మడతపెట్టింది.

మ్యూజియం ప్రారంభం నాటికి నేను పలక ఇచ్చాను. పైన ప్రమాదం అన్న మాట, కింద చనిపోయిన నలుగురి పేర్లు చెక్కాను. దాని కింద సగం పలక నున్నగా ఖాళీగా వదిలేశాను. ట్రస్టు పెద్దాయన దాని ముందు ఆగి, "ఇక్కడ ఏదో రావాలి కదా?" అన్నాడు. "రావాలండీ," అన్నాను. మేడమ్ నేలచూపులు చూసింది కానీ, పలక తీసేయమని మాత్రం అనలేదు.

షెడ్డు నిండా జనం. పాత కార్మికులు, వాళ్ళ పిల్లలు, మనవలు. ముందు వరసలో కుర్చీలో పెదనాన్న, కొత్త పంచె, తెల్లచొక్కా. నన్ను చూసి తల తిప్పుకున్నాడు. అమ్మ నాతోనే వచ్చింది. వెనక వరసలో నా పక్కన కుర్చీలో కూర్చుంది. ముందు కూర్చున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగి చూసి గుసగుసలాడారు. వాళ్ళు ఏ పేరు అనుకుంటున్నారో నాకు వినబడనక్కర్లేదు. నేను లేవబోతే అమ్మ నా మోచేయి పట్టుకుని ఆపింది.

ట్రస్టు పెద్దాయన మాట్లాడాడు. రాయికి ప్రాణం ఉందన్నాడు, శ్రమకు నమస్కారం అన్నాడు. తర్వాత పెదనాన్నని లేపి, ఈ క్వారీకి సజీవ చరిత్ర వీరే, నాలుగు ముక్కలు మాట్లాడండి అని మైకు చేతికిచ్చాడు. పెదనాన్న గొంతు సవరించుకున్నాడు. ఆ రోజుల్లో ఎంత ధైర్యం ఉండేదో, ఒక్కొక్కరం ఎంత జాగ్రత్తగా ఉండేవాళ్ళమో అని మొదలుపెట్టాడు.

అమ్మ లేచింది. నన్ను రమ్మనలేదు. కుర్చీల మధ్య దారిలో నెమ్మదిగా నడుచుకుంటూ ముందుకు వెళ్ళింది. ఆయన ఎదురుగా నిలబడింది. పెదనాన్న మాట ఆగిపోయింది. 

"బావగారూ," అంది. "ఆసుపత్రిలో ఆయన చివర్న ఏమన్నాడు?"

పెదనాన్న మైకు దించేశాడు.  ట్రస్టు పెద్దాయన ఎవరినో పిలవబోయాడు, మేడమ్ అడ్డంగా వచ్చి నిలబడింది.

"మీరు పక్కనే ఉన్నారు కదా. ఏమన్నాడు?"

"నిద్రపోయింది అన్నాడమ్మా."

"ఏది?"

ఇన్నేళ్ళలో ఆయన్ని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. నేను అడిగింది కూడా ఇలా నలుగుర్లో కాదు. ఆయన అమ్మ ముఖంలోకి చూడలేకపోయాడు. పాత జట్టువాళ్ళు ఇద్దరు ఎదురుగానే కూర్చుని ఉన్నారు, వాళ్ళూ తలలు దించుకున్నారు.  పెదనాన్న నోట్లోంచి మాట వచ్చింది. అమ్మకు మాత్రమే వినబడేంత చిన్నగా, నేను ఆయన పెదవుల్ని బట్టే పోల్చుకున్నాను.

"మందు."

అమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. మైకున్న చెయ్యి. దాన్ని పైకెత్తి ఆయన నోటి దగ్గర పెట్టింది.

"గట్టిగా చెప్పండి బావగారూ. వెనకవాళ్ళకి వినబడలేదు."